‘కలం’ ఎవరిది? అరబ్బీ, సంస్కృతం, తమిళం, మరాఠీ: ఒకే పలుకు వెనక ఎన్ని మాటలు

#1 · నూలుపోగు

చేనేత, హస్తకళల పదకోశం ఒకటి తయారవుతోంది. అందులో ‘కలంకారీ’ అనే ఆరోపం (కోశంలో అర్థం ఇచ్చే పదం పద్దు) దగ్గర పని ఆగింది. ఒక పట్టికలో ‘సంస్కృత కలమ శబ్దం నుంచి’ అని ఉంది. ఇంకోదాంట్లో ‘పారశీకం’. మూడోది ‘తమిళ కలం’ అంటూ కేరళ కలమెళుత్తుని కూడా దీనితో కలిపేసింది. మరాఠీలో చట్టం సెక్షన్‌ని కలమ్ అంటారు, హిందీలో చెట్టుకి అంటు కట్టడాన్ని కలమ్ అంటారు. ఇవన్నీ ఒకే మాటా, వేర్వేరా? విడదీసే పద్ధతి కూడా చెబితే మిగతా ఆరోపాలకీ పనికొస్తుంది.

#2 · ధాతువు

విడదీయాలంటే ముందు ఇంగ్లీషు అక్షరాల్లో రాసినది పక్కన పెట్టండి. ఆ అక్షరాల్లో నాలుగు వేరు మాటలు ఒకే రూపంలో కనబడతాయి. గందరగోళం సగం అక్కడే పుడుతుంది. ప్రతి మాటనీ దాని సొంత లిపిలో చూసి మూడు గుర్తులు పట్టుకోవాలి:

మొదటి హల్లు గొంతు లోపలినుంచి వచ్చే అరబ్బీ అక్షరం ఖాఫా, మామూలు కాఫా? మధ్య హల్లు ల-నా, ళ-నా? అచ్చు హ్రస్వమా, దీర్ఘమా?

వీటిని బట్టి చూస్తే:

ఖాఫ్, ల, హ్రస్వం: అరబ్బీ కలమ్. రాసే పుల్ల. మన కలం ఇదే.

కాఫ్, ల, దీర్ఘం: అరబ్బీ కలామ్. మాట, పలుకు, ఉర్దూలో కవిత్వం కూడా. దీని ధాతువు క-ల-మ, మొదటి హల్లు కాఫ్. అబ్దుల్ కలాం గారి పేరులో ఉన్నది ఇది. ఆ పేరుకీ కలానికీ ముడిపెట్టి రాసిన అభినందన వ్యాసాలు చాలానే ఉన్నాయి. అరబ్బీ లిపిలో చూస్తే మొదటి అక్షరమే వేరు.

క, ల, హ్రస్వం, ద్రావిడం: తమిళ కలమ్. పాత్ర, ఓడ, ధాన్యపు కొలత.

క, ళ, హ్రస్వం, ద్రావిడం: తమిళ, మలయాళ కళమ్. చదును చేసిన నేల. తెలుగు కళ్లం ఇదే. కేరళ ముగ్గు కళమెళుత్తు ఈ మాట నుంచి వచ్చింది. దాన్ని ‘కలమెళుత్తు’ అని ల-తో రాయడం వల్లనే మీ మూడో పట్టికవాళ్లు దారి తప్పారు.

సంస్కృత కలమ అయిదోది. దాని సంగతి కాస్త పొడుగు, విడిగా రాస్తాను.

#3 · తంజావూరు_తెలుగు

ధాతువు గారు చెప్పిన ద్రావిడ జంటకి కొన్ని వివరాలు.

తమిళ కలమ్‌కి మూలార్థం పాత్ర. నీళ్లమీద తేలే పాత్ర ఓడ అయింది. అంతరిక్ష నౌకని ఇవాళ విణ్‌కలమ్ అంటున్నారు. నగని అణికలన్ అంటారు. మలయాళంలో కలమ్ అంటే ఇప్పటికీ వంటకుండ. పాత తెలుగు నిఘంటువుల్లోనూ కలము అన్న చోట ‘ఓడ’ అని ఒక అర్థం ఉంటుంది. అది ఈ ద్రావిడ కలమే. రాసే కలానికి దానితో సంబంధం లేదు. పదకోశంలో వీటిని ఒకే ఆరోపం కింద 1, 2 అని పెట్టకుండా రెండు వేరు ఆరోపాలుగా పెట్టండి.

కొలతగా కలమ్ చోళుల శాసనాల్లో అడుగడుగునా కనబడుతుంది. లెక్క ఇది: 8 నాళిలు ఒక కుఱుణి, 2 కుఱుణులు ఒక పదక్కు, 2 పదక్కులు ఒక తూణి, 3 తూణులు ఒక కలమ్. అంటే కలానికి 12 కుఱుణులు, 96 నాళిలు. కుఱుణినే మరక్కాల్ అని కూడా అంటారు. తంజావూరు పెద్దగుడి శాసనాల్లో వడ్లు కొలిచిన మరక్కాల్‌కి ఆడవల్లాన్ అని దేవుడి పేరే ఉంది. శాసన పాఠం అనువదించేటప్పుడు ‘నూరు కలాల వడ్లు’ అని రాస్తే తెలుగు పాఠకుడు తడబడతాడు. ‘కలమ్ అనే కొలతతో నూరు’ అని విప్పి రాయడం మేలు.

#4 · కొట్టాయం_కోడలు

కళమెళుత్తులో కలం అన్న పనిముట్టే ఉండదండీ. బొటనవేలు, చూపుడువేలు మధ్యనుంచి పొడి జారవిడుస్తారు, మన ముగ్గు వేసినట్టే. రంగులు అయిదు: తెలుపుకి బియ్యప్పిండి, పసుపుకి పసుపు, ఎరుపుకి పసుపులో సున్నం కలిపినది, నలుపుకి ఉమక కాల్చిన బొగ్గుపొడి, ఆకుపచ్చకి వాక లాంటి చెట్ల ఆకులు ఎండబెట్టి దంచిన పొడి. భద్రకాళి, నాగదేవతలు, అయ్యప్ప బొమ్మలు ఎక్కువ. పూజ ముగిశాక చెరిపేస్తారు. కళమ్ అంటే ఆ బొమ్మ వేసే చోటు, ఎళుత్తు అంటే రాయడం. అక్కడ కూడా బొమ్మ ‘రాస్తారు’, కాళహస్తిలో కూడా బొమ్మ ‘రాస్తారు’. అందుకే కలిపేయాలన్న ఆశ పుడుతుంది.

#5 · ధాతువు

ఇక సంస్కృత కలమ.

దానికి పాత అర్థం ఒక రకం వరి. నారు పోసి, పీకి, మళ్లీ నాటే వరి. కాళిదాసు రఘువంశం నాలుగో సర్గలో వంగ రాజుల్ని రఘువు ఓడించి తిరిగి నిలబెట్టిన ఘట్టంలో వాళ్లని పీకి నాటిన కలమాలతో పోల్చాడు. ఆ పోలికలో కలమ కచ్చితంగా పైరే. లేఖిని అన్న అర్థం తర్వాతి కోశాల్లో చేరింది.

వరి గడ్డి, రెల్లు, పుల్ల అనుకుంటూ ‘గ్రీకు కలమోస్, సంస్కృత కలమ అక్కాచెల్లెళ్లు’ అనేవాళ్లు ఉన్నారు. అది కుదరదు. ఎందుకంటే గ్రీకు కలమోస్‌కి నిజమైన తోబుట్టువులు ఇవి: లాటిన్ కుల్ముస్ (కాడ), జర్మన్ హాల్మ్ (గడ్డికాడ), రష్యన్ సొలోమా (ఎండుగడ్డి). రష్యన్‌లో మొదటి హల్లు ‘స’ అయింది చూడండి. ఈ భాషలన్నిటికీ తల్లి అయిన మూలభాషలోని తాలవ్య క-కారం గ్రీకు లాటిన్‌లలో క-గా మిగిలి, రష్యన్‌లో స-గా, సంస్కృతంలో శ-గా మారడం నియమం. నూరుని లాటిన్ కెంతుమ్ అంటుంది, రష్యన్ స్తో అంటుంది, సంస్కృతం శతం అంటుంది. ఆ లెక్కన కలమోస్‌కి సంస్కృతంలో పుట్టుతోబుట్టువు ఉంటే అది శ-తో మొదలవ్వాలి. క-తో ఉన్న కలమ లేఖిని అన్న అర్థంలో అరువు మాటే. గ్రీకు నుంచి నేరుగా వచ్చిందా, అరబ్బీ పారశీకాల మీదుగా వచ్చిందా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. వరి పేరు కలమ మాత్రం దానంతట అది వేరే మాట. రెంటికీ ఒకే రూపం ఉండటంతో కోశకారులు ఒకచోట చేర్చారు.

పోలిక కనబడగానే బంధుత్వం రాసేయకూడదు. ధ్వని నియమం ఒప్పుకోవాలి. నియమం ఒప్పుకోకపోతే అరువు గాని, కాకతాళీయం గాని.

#6 · నూలుపోగు

మరి అరబ్బీ కలమ్ అరబ్బీలోనే పుట్టిందా? గోళ్లు కత్తిరించడం అనే అర్థంలో ఖ-ల-మ ధాతువు అరబ్బీలో ఉంది కదా. దాని నుంచి వచ్చిందనే రాస్తారు.

#7 · దవాతు

అరబ్బీ వ్యాకర్తలు అలానే చెప్పారు: కోసి, చెక్కి తయారుచేస్తారు కాబట్టి కలమ్ అని. అర్థం బాగా కుదురుతుంది. కాని భాషాశాస్త్రజ్ఞులు ఎక్కువమంది దీన్ని గ్రీకు కలమోస్ నుంచి వచ్చిన అరువుగానే చూస్తారు. కలమోస్ అంటే రెల్లు, ఆ రెల్లుతో చేసిన లేఖిని.

గ్రీకు క-కారం సెమిటిక్ భాషల్లోకి వస్తే ఖాఫ్ అవడం మామూలు. హీబ్రూలో అదే గ్రీకు మాట కుల్మూస్ అయింది. అక్కడా మొదటిది ఖాఫ్‌కి సరిసమానమైన అక్షరం, పైగా చివర గ్రీకు ‘స్’ కూడా మిగిలిపోయింది. అరువు అని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. అరబ్బీకి ఇది ఇథియోపియా దారిన వచ్చిందని ఒక వాదం. ఇథియోపియా భాష అమ్హారిక్‌లో ఇదే మాటకి సిరా, రంగు అని అర్థం. ఇస్లాం తొలినాటికే అరబ్బీలో బాగా నాటుకున్న మాట ఇది. ఖురాన్ 68వ సూరా పేరే అల్-కలమ్.

అర్థాలకి మాత్రం తాళంచెవి ‘కోత’లో ఉంది. పుల్ల తనంతట తాను కలం కాదు, కోస్తేనే కలం. ఎలా కోస్తారంటే: ఎండి గట్టిపడిన రెల్లు జానెడు ముక్క తీసుకుంటారు. ఒక కొసన కడుపు వైపు ఏటవాలుగా చెక్కి గుంట చేస్తారు. రెండు పక్కలా భుజాలు తీసి పాళీ వెడల్పు ఖాయం చేస్తారు. పాళీ మధ్యలో నిలువుగా చీలిక పెడతారు. చివరగా కొసని మఖ్తా అనే చిన్న పలక మీద ఆనించి ఒకే కోతతో వాలుగా తెగ్గొడతారు. చీలిక లేకపోతే సిరా కిందికి దిగదు. ఎక్కువ పొడుగు చీలిస్తే నొక్కినప్పుడు రెండు కాళ్లూ విచ్చుకుని గీత జంటగా పడుతుంది. చివరి కోత రెండుసార్లు పెడితే అంచు మొరటయి గీత పక్కలు పీచుపీచుగా వస్తాయి. చాకుని కలమ్‌తరాష్ అంటారు, డబ్బాని కలమ్‌దాన్.

పాళీ వెడల్పే రాతకి కొలబద్ద. పాళీని వాలుగా ఒత్తితే నాలుగు పలకల చుక్క పడుతుంది. అక్షరాల ఎత్తు ఆ చుక్కల్లో లెక్కపెడతారు. సులుస్ అనే అరబ్బీ రాత శైలిలో అలిఫ్‌కి (మొదటి అక్షరానికి) ఏడు చుక్కలు, నస్ఖ్ అనే శైలిలో అయిదు అని సాధారణ లెక్క. కలం మారితే అక్షరం మొత్తం అదే నిష్పత్తిలో పెరుగుతుంది, తగ్గుతుంది.

ఈ కోత మనసులో పెట్టుకుంటే పారశీకం, ఉర్దూ, హిందీలోని తక్కిన అర్థాలన్నీ వరసలోకి వస్తాయి. కొమ్మని ఏటవాలుగా కోసి నాటితే, అంటు కడితే కలమ్. అలా పెంచిన మామిడి కలమీ ఆమ్. తల తెగ్గొట్టడం సర్ కలమ్ కర్నా. చెవి దగ్గర వాలుగా కత్తిరించి వదిలే జుట్టు కలమ్. కడ్డీల్లా పేరుకున్న పెట్లుప్పు (సురేకారం) కలమీ శోరా. ఈ చివరిదానికి కారణం కోత కాదు, ఆకారం.

#8 · ఆకుపసరు

అంటు దగ్గర ఒక హెచ్చరిక. బెంగాలీలో కల్మీ శాక్ అని నీటిలో పెరిగే కూర ఉంది, మన తూటికూర. కాడ బోలుగా ఉంటుంది కాబట్టి అదీ కలమ్ నుంచే అని రాసేవాళ్లున్నారు. అది సంస్కృత కలంబీ, వేరే మాట.

నిజంగా గ్రీకు-లాటిన్ కలముస్ నుంచి వచ్చి మన పెరట్లో ఉన్నది వస. దాని శాస్త్రీయ నామం అకోరస్ కలముస్, లినేయస్ 1753లో పెట్టినది. చిత్తడి నేలలో రెల్లులా నిలువుగా పెరుగుతుంది కాబట్టి ఆ పేరు. పేముకి కలముస్ అనేది ప్రజాతి పేరు, కుర్చీలు అల్లే బెత్తాలు అందులోవి. ఆయుర్వేద సరుకు పట్టికల్లో ‘కలముస్’ అని మాత్రమే రాసి ఉంటే ప్రజాతి పేరా, జాతి పేరా అన్నది చూసుకోవాలి. మొదటి మాటగా ఉంటే పేము. అకోరస్ తర్వాత వస్తే వస. వసకొమ్ము కావలసిన చోట పేము రాస్తే అర్థమే మారిపోతుంది.

#9 · దవాతు

లాటిన్ వైపు ఇంకొన్ని. ఇటాలియన్‌లో కలమాయో అంటే సిరాబుడ్డి, కలమారో అంటే సిరా చిమ్మే సముద్రజీవి. హోటళ్లలో కలమారి అని అమ్మేది అదే. దాని ఒంట్లో సిరాసంచీ ఉంది, లోపల పారదర్శకమైన పాళీ లాంటి పెంకు కూడా ఉంది. బోలు పుల్ల అన్న అర్థంలో ఫ్రెంచి శలుమో అనే ఊదే వాద్యం, ఉత్తర అమెరికా ఆదివాసుల శాంతి గొట్టానికి ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరు కలుమే. శరీరశాస్త్రంలో మెదడు నాలుగో కోష్ఠిక అడుగు భాగం పాళీ ఆకారంలో ఉంటుందని కలముస్ స్క్రిప్టోరియస్ అన్నారు.

పత్రికల ‘కాలమ్’ మాత్రం లాటిన్ కొలుమ్నా, స్తంభం. కాలమిస్టుకీ కలానికీ చుట్టరికం లేదు.

#10 · కరక్కాయ

కలంకారీ సంగతికి వద్దాం. శ్రీకాళహస్తిలో ఈ పనికి పాత పేరు వ్రాతపని. మచిలీపట్నం, పెడన వైపు పేరు అద్దకం. కలంకారీ అన్నది పారశీకపు మాట: కలమ్, కార్ అంటే పని, చివర ‘ఈ’ ప్రత్యయం. కాబట్టి పదకోశంలో వ్రాతపని, అద్దకం రెండూ వేరు ఆరోపాలుగా ఉండి తీరాలి. పేరు పారశీకం అయినంత మాత్రాన పని పరాయిది కాదు.

వ్రాతపని కలం ఎలా ఉంటుందో ఎవరూ సరిగ్గా రాయడం లేదు. వెదురు పుల్లో, ఈత పుల్లో, చేతిలో ఇమిడే పొడుగు. కొసని సన్నగా చెక్కుతారు. కొస నుంచి సుమారు అంగుళం పైన ఉన్నిగానీ నూలుగుడ్డగానీ ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండే సిరాబుడ్డి. రంగులో ముంచి, రాసేటప్పుడు వేళ్లతో కొద్దిగా నొక్కితే రంగు కొసకి దిగుతుంది. గీతలకి సన్న కొస, నింపడానికి మొద్దు కొస. దీనికి చీలిక ఉండదు. దవాతు గారు చెప్పిన రెల్లు కలంలో చీలిక చేసే పనిని ఇక్కడ గుడ్డ ఉండ చేస్తుంది. కాగితం మీద సిరా జారుతుంది, గుడ్డ రంగుని లాగేస్తుంది. అందుకే ఎక్కువ నిలవ పట్టి, నొక్కితేనే వదిలే ఏర్పాటు కావాలి.

ఇక వరస. కోరా నూలుగుడ్డని పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసి, ఉతికి తెల్లబరుస్తారు. తర్వాత కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలల్లో కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది. పాలు తక్కువైతే గీత గీతగా నిలవదు, పక్కలకి పాకుతుంది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకుని, దానిమీద కసిమితో నల్లగీతలు రాస్తారు. కసిమి అంటే తుప్పు ఇనుము, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టినది. అది విడిగా చూస్తే అంత నలుపు కాదు. గుడ్డలో ఉన్న కరక్కాయ వగరు తగిలాకే నల్లబడుతుంది. అంటే కరక్కాయ పట్టని గుడ్డమీద కసిమి ఎంత రాసినా నలుపు రాదు.

ఎరుపు రావాల్సిన చోట రాసేది ఎరుపు కాదు, పటిక నీళ్లు. అది ఆరాక పారే నీళ్లలో ఉతికి, చెవలకొడి, మంజిష్ఠ, సురుడు చెక్క లాంటి వాటితో మరగబెడితే పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. ఉతకడానికి పారే నీళ్లే ఎందుకంటే, నిలవ నీళ్లలో ఉతికితే విడిన పటిక గుడ్డంతా పట్టి, మరగబెట్టాక తెల్లచోట్లలో ఎర్రమరకలు తేలతాయి. స్వర్ణముఖి ఒడ్డున ఈ పని నిలబడటానికి పారే నీరు పెద్ద కారణం. తర్వాత మళ్లీ పేడనీళ్లు, మళ్లీ పాలు, ఆపైన పసుపు, నీలి. నీలి, పసుపు కలిసిన చోట ఆకుపచ్చ.

కసిమి ఘాటు ఎక్కువైతే అప్పటికి నలుపు బాగానే కనబడుతుంది గాని, ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ నూలుని తినేస్తుంది. ప్రదర్శనశాలల్లోని పాత గుడ్డల్లో నల్లగీతలు ఉన్నచోటే చిరుగులు కనబడటానికి కారణం ఇదే.

#11 · నూలుపోగు

ఇంత వివరం పట్టికల్లో ఎక్కడా దొరకలేదు, కరక్కాయ గారూ. అయితే ఒక సందేహం. మచిలీపట్నం పనిలో కలం ముట్టుకోరు, చెక్క అచ్చులతో అద్దుతారు. దాన్ని కలంకారీ అనడం తప్పు వాడుక అని పదకోశంలో రాయవచ్చా?

#12 · కరక్కాయ

కాళహస్తిలో చాలామంది అభిప్రాయం అదే. పనిముట్టు లేని పనికి పనిముట్టు పేరెందుకని.

#13 · దవాతు

రాయవద్దు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో కలమ్‌కార్ పేరుతో అమ్మే గుడ్డ చెక్క అచ్చులతో అద్దినదే. కలమ్‌కార్ అంటే రంగుబొమ్మల నూలుగుడ్డ అన్న విస్తృతార్థం పారశీకంలోనే ఉంది. మచిలీపట్నం గోల్కొండ రాజ్యపు రేవు. అక్కడ పారశీక వర్తకులు ఉండేవారు, ఆ బజారు అభిరుచికి తగ్గ పువ్వులు, తీగలు, మిహ్రాబు (మసీదు గోడలోని తోరణపు గూడు) ఆకారాలు అక్కడి అద్దకంలో ఇప్పటికీ ఉన్నాయి. కొనేవాళ్ల భాషలో సరుకుకి పేరు నిలబడింది. రెండు ఊళ్ల పనికీ వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ రెండు గుర్తింపుల్లోనూ పేరు కలంకారీయే.

తేడా చెప్పాలంటే ‘చేతిరాత కలంకారీ’, ‘అచ్చు కలంకారీ’ అని చెప్పండి. గుడ్డ చూసి పోల్చాలంటే ఒకే ఆకు, ఒకే పువ్వు మళ్లీ వచ్చిన చోట్లు రెండు పక్కపక్కన పెట్టి చూడాలి. అచ్చు అయితే గీతలో చిన్న లోపం కూడా ప్రతిసారీ అదే చోట వస్తుంది, అచ్చు అంచులు కలిసే చోట సన్న అతుకు దొరుకుతుంది. చేతిరాతలో ఏ రెండు ఆకులూ ఒకటి కావు, పుల్ల ఆగి మళ్లీ మొదలైన చోట గీత కాస్త లావవుతుంది.

చిత్రకళలో కూడా ఇలాంటి విస్తరణే ఉంది. కాంగ్డా కలమ్, పహాడీ కలమ్, దక్కనీ కలమ్ అంటారు. అక్కడ కలమ్ అంటే పనిముట్టు కాదు, శైలి. వాటిని వేసింది కుంచెతో.

#14 · ధాతువు

తెలుగులో ఈ మాట ఎలా ఒదిగిందో కూడా గమనించండి, ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. అరబ్బీలో ఖ, ల, మ మూడూ ధాతువులోవే, మ-కారం తీయడానికి వీల్లేదు. తెలుగులో మాత్రం -అం తో ముగిసే నామవాచకాలు బోలెడు కాబట్టి ఆ మ-కారాన్ని మన ప్రత్యయంగా లెక్కకట్టేశాం. బహువచనంలో కలాలు, ‘-కి’ చేరితే కలానికి. మూల ధాతువులోని మూడో హల్లు మాయం. దీనికి సరిజోడు రకం. అది అరబ్బీ రకమ్, అంకె అని అర్థం. హిందీలో పైకం మొత్తం అయింది, మనకి తరహా అయింది. బహువచనం రకాలు. మ-కారం ముందు దీర్ఘం ఉంటే ఇలా జరగదు: సలాం సలాములు అవుతుంది, ఇనాం ఇనాములు అవుతుంది.

కాగితం దీనికి తిరగేసినది. కాగజ్‌లో మ-కారమే లేదు, మనం చేర్చాం.

ఇంకొకటి. హైదరాబాదు ఉర్దూలో ఖాఫ్‌ని ‘ఖ’ అని పలుకుతారు, కలాన్ని ఖలమ్ అంటారు. తెలుగులో ఖైదు, ఖరారు, ఖాయం, ఖాజీ మాటల్లో ఆ ‘ఖ’ ఉంది. కలం, రకం మాటల్లో లేదు. అరబ్బీలో అన్నిట్లోనూ ఉన్నది ఒకే ఖాఫ్. అరువులన్నీ ఒకే నోటినుంచి రాలేదన్నమాట. మీ పదకోశంలో ‘ఉర్దూ నుంచి’ అని గంపగుత్తగా రాయకుండా ‘అరబ్బీ, పారశీకం మీదుగా’ అని రాస్తే తప్పు పట్టడానికి ఉండదు.

#15 · పలకబలపం

గంటానికీ కలానికీ తేడా కూడా చేర్చండి. తాటాకు మీద గంటంతో గీరి, ఆపైన మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలుస్తుంది. రాత ముందు, నలుపు తర్వాత. కలంతో సిరా, రాత ఒకేసారి పడతాయి. కలం, కాగితం, దవాతు (సిరాబుడ్డి) మూడూ ఒక సరంజామాగా వచ్చాయి కాబట్టి వాటి పేర్లూ కలిసే వచ్చాయి. ఒక మాట అరువా కాదా అన్న అనుమానం వచ్చినప్పుడు దాని పక్కన పనిచేసే వస్తువుల పేర్లు కూడా చూడటం మంచి పద్ధతి. రాసే కొసకి మాత్రం మన వాడుకలో వేరే మాట ఉంది, పాళీ.

#16 · తర్జుమా

మరాఠీ ‘కలమ్’ గురించి ఎవరూ చెప్పలేదు. వార్తల అనువాదంలో రోజూ తగిలేది అదే.

పారశీకంలో సరుకు లెక్కపెట్టేటప్పుడు కలమ్ అంటే ‘పద్దు’. పద్దుకి ఒక కలమ్. టర్కీలోనూ మూడు కలెమ్ సరుకు అంటే మూడు రకాల సరుకని. ఆ దఫ్తరు వాడుక మరాఠీలోకి వచ్చి పద్దు, అంశం, చివరికి చట్టంలో ఒక విభాగం అయింది. కన్నడంలో కూడా కలం అన్న వాడుక ఈ అర్థంలో ఉంది. తెలుగు చేసేటప్పుడు ఒకే మాటని గుడ్డిగా పెట్టకూడదు. మరాఠీ పత్రికలు రాజ్యాంగానికీ, శిక్షాస్మృతికీ రెంటికీ కలమ్ అనే రాస్తాయి. మనకి రాజ్యాంగం అయితే అధికరణం, చట్టం అయితే సెక్షన్. కలమ్ 370 అధికరణం 370 అవుతుంది. పాత శిక్షాస్మృతి (ఐపీసీ, 2024 జూన్ దాకా అమల్లో ఉన్నది) కలమ్ 302 సెక్షన్ 302 అవుతుంది. అంకె ముందు ఏ చట్టం పేరుందో చూశాకే రాయాలి. పేరు లేకపోతే వార్త మొదటి పేరా దాకా వెనక్కి వెళ్లి చూడాలి.

ఉర్దూ పత్రికల్లో ఇంకో ఉచ్చు కలమ్‌దాన్. ‘కొత్త మంత్రులకి కలమ్‌దాన్‌ల కేటాయింపు’ అని శీర్షిక వస్తుంది. అక్కడ అది పెన్నుల డబ్బా కాదు, మంత్రిత్వ శాఖ.

#17 · నూలుపోగు

తర్జుమా గారూ, హిందీలో కలమ్ లింగం ఏది? కొన్ని వాక్యాల్లో మేరీ కలమ్, కొన్నిట్లో మేరా కలమ్ కనబడుతున్నాయి.

#18 · తర్జుమా

హిందీలో ఎక్కువగా స్త్రీలింగం, ఉర్దూలో పుంలింగం. రెండూ చెల్లుతాయి. ఒకే పాఠంలో రెండూ వస్తే మాత్రం సరిచేయండి. అంటు అన్న అర్థంలో అయితే కలమ్ లగానీ అని స్త్రీలింగమే పెట్టండి.